పట్టము ఒక అప్పు
వేలూరు వైద్యురాలు డాక్టరు ఐడా స్కడ్డర్ జీవితము (1870–1960)

రోగము ముదిరి, దగ్గరి వైద్యులు ఇక తమవలన కాదని చెప్పినప్పుడు, మన తెలుగు నాట అనేక కుటుంబములలో పెద్దలు చెప్పు మాట ఒకటి కలదు. రోగిని రాయవేలూరు తీసికొనిపోవలెనని వారందురు. అప్పుచేసియైనను, పొలము తాకట్టుపెట్టియైనను రైలెక్కి, కాట్పాడి స్టేషనులో దిగి, ఆ ఆసుపత్రి గుమ్మము చేరిన మనవారు లెక్కకు మిక్కిలిగా నున్నారు. అక్కడి వరండాలలో తమిళముతోపాటు తెలుగు, బెంగాలీ, హిందీ మాటలు నిత్యము వినబడును.

ఆ ఆసుపత్రి ప్రభుత్వ శాసనము వలన పుట్టినది కాదు. ఏ రాజో కట్టించినదియు కాదు. మిషనెరీ జీవితము తనకు వద్దని గట్టిగా తీర్మానించుకొనిన ఒక యువతి, ఒకే రాత్రి తన యింటి ముంగిట వినిన మూడు విన్నపములకు ఏమియు చేయలేకపోయెను. ఆ చేయలేని తనమునుండియే ఈ సేవ పుట్టినది. విశ్వవిద్యాలయములలో చదివి పట్టములు పొందుచున్న మన యువతీ యువకులు ఆమె కథను తెలిసికొనుట మేలు.

కరవు చూచిన బాలిక

ఐడా సోఫియా స్కడ్డర్ 1870 డిసెంబరు 9వ తేదీన ఉత్తర ఆర్కాటు జిల్లాలోని రాణిపేటలో జన్మించెను. ఆ దినములలో ఆ జిల్లా తమిళులకును తెలుగువారికిని ఉమ్మడి యిల్లు వంటిది. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ప్రాంతములు అందులోనివే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అవి వేరుపడినవి.

ఆమె తాతయగు డాక్టరు జాన్ స్కడ్డర్, న్యూయార్కు నగరములో బాగుగా సాగుచున్న వైద్యవృత్తిని విడిచి, 1819లో సింహళమునకు ఓడయెక్కెను. తరువాత మద్రాసునకు వచ్చెను. ఆయన కుమారులలో పలువురు తండ్రి మార్గమునే అనుసరించిరి. వారు ప్రారంభించిన ఆర్కాటు మిషను తమిళ ప్రాంతములలోనే గాక మదనపల్లె వంటి తెలుగు ప్రాంతములలోను సంఘములను, పాఠశాలలను, వైద్యశాలలను నెలకొల్పెను. ఐడా తండ్రి రెండవ జాన్ స్కడ్డర్ వైద్యుడును బోధకుడునై యుండెను. తల్లి పేరు సోఫియా.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును మహాకరవు పీడించెను. లక్షలాది ప్రజలు ఆకలితో మరణించిరి. బంగళా ఆవరణములో గుమికూడిన పిల్లలకు రొట్టె తునకలు పంచు పనిలో చిన్న ఐడాను కూడ నిలిపిరి. చేయి నోటివరకు ఎత్తుటకైనను శక్తిలేని పిల్లలకు ఆమెయే ముక్కలు నోట పెట్టవలసి వచ్చెను. ఆమెకప్పుడు ఆరేడు సంవత్సరముల వయస్సు. అట్టి దృశ్యములు కొందరి హృదయములలో కరుణను పుట్టించును. ఐడా హృదయములో అవి మొదట విడిచిపోయినది భయమే. ఈ దేశమునుండి దూరముగా, సుఖముగా బ్రదుకవలెనను కోరిక ఆమెతోకూడ పెరిగెను.

కుటుంబము సెలవుపై అమెరికాకు వెళ్లెను. కొంతకాలమునకు తండ్రియు, పిమ్మట తల్లియు ఇండియాకు మరలివచ్చిరి. ఐడా బంధువుల యింట మిగిలిపోయెను. తరువాత ప్రసిద్ధ సువార్తికుడు డి. ఎల్. మూడీ స్థాపించిన నార్త్‌ఫీల్డు బాలికల పాఠశాలలో ఆమె చదువుకొనెను. ఆమె అందగత్తె, హాస్యప్రియురాలు, చిలిపి పనులలో ముందుండునది. స్కడ్డర్ వంశములో పుట్టినందున ఈమెయు మిషనెరీ యగునని అందరును తలంచుచుండిరి. ఐడా మాత్రము అట్లు కానేరదని నిశ్చయించుకొనెను.

మూడు విన్నపములు

1890లో తల్లికి జబ్బుచేసినదని కబురు వచ్చెను. తల్లికి తోడుగా కొంతకాలముండి తిరిగి అమెరికాకు పోవలెనను ఉద్దేశముతోనే ఐడా తిండివనము చేరెను.

ఒక రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు ఆ యింటికి వచ్చెను. అతని భార్య ఇంకను బాలిక. ఆమెకు ప్రసవము కష్టమైయున్నది. ఐడా వచ్చి కాపాడవలెనని అతడు వేడుకొనెను. తనకు వైద్యము తెలియదనియు, తన తండ్రి మంచి వైద్యుడనియు, ఆయన తప్పక వచ్చుననియు ఐడా చెప్పెను. పరపురుషుడు తన భార్య ముఖమును చూడరాదని చెప్పి ఆ యువకుడు దుఃఖముతో మరలిపోయెను. కొంతసేపటికి ఒక మహమ్మదీయుడు అదే ఆపదతో వచ్చెను. అతడును పురుష వైద్యుని అంగీకరింపక వెళ్లిపోయెను. ఆ పిమ్మట మరియొక హిందూ కుటుంబీకుడు వచ్చెను. విన్నపము అదే, జవాబును అదే.

ఆ రాత్రి ఐడాకు నిద్రపట్టలేదు. తెల్లవారగానే వీధిలో చావు డప్పు వినబడెను. సేవకుని పంపి విచారింపగా, ఆ ముగ్గురు స్త్రీలలో ఒక్కరును బ్రదుకలేదని తెలిసెను.

ఆ యింటిలో వైద్యవిద్య ఉండెను, కాని ఆ విద్య కలవాడు పురుషుడు గనుక ఆ తలుపులు ఆయనకు మూయబడియుండెను. తలుపులు తెరువబడదగిన స్త్రీయు ఆ యింటిలో ఉండెను, కాని ఆమెకు విద్య లేదు. ముగ్గురు తల్లులు చనిపోయినది ఐడాకు దయ లేనందున కాదు. ఆమె దయ వెనుక చదువు లేనందున. మంచి మనస్సు మాత్రమే చాలదని ఆమె ఆ ఉదయమున గ్రహించెను. ఏకాంతమున మోకరించి చాలసేపు ప్రార్థించి, లేచి తల్లిదండ్రుల యొద్దకు పోయి, తాను అమెరికాకు వెళ్లి వైద్యము చదివి, ఈ దేశపు స్త్రీలకు సేవచేయుటకు తిరిగివత్తునని తెలియజేసెను.

చదువే మొదటి విధేయత

ఆవేశములో చేసిన తీర్మానములు అనేకములు కొలది దినములలో చల్లారిపోవును. ఐడా తీర్మానము దీర్ఘమైన, ప్రయాసకరమైన చదువుగా మారెను. 1895లో ఆమె ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరెను. మన గుంటూరులో ఆసుపత్రి స్థాపించి తెలుగు స్త్రీలకు జీవితాంతము సేవచేసిన డాక్టరు అన్నా కుగ్లర్ సైతము ఆ కళాశాలలో పట్టభద్రురాలైనదే. 1898లో న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొన నారంభింపగా, ఐడా అక్కడికి మారి, 1899లో వైద్య పట్టము పొందెను. ఆ కళాశాలనుండి వెలువడిన మొదటి స్త్రీలలో ఆమె యొకతె.

ఇండియాకు బయలుదేరుటకు ముందు, వేలూరులో స్త్రీల ఆసుపత్రికొరకు ధనము కూర్చవలసిన భారము ఆమెపై పడెను. షెల్ అను వృద్ధుడైన బ్యాంకు యజమాని, పరలోకగతురాలైన తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థముగా పదివేల డాలర్లు ఇచ్చెను. 1900 సంవత్సరారంభమున ఐడా, తన స్నేహితురాలు ఆనీ హాంకాక్‌తో కలిసి వేలూరు చేరెను. ఆనీ వైద్యురాలు కాదు. ఇల్లిల్లు తిరిగి స్త్రీలను పలుకరించి సువార్త చెప్పుట ఆమె పని.

ఒక్క మంచముతో ప్రారంభము

తండ్రి ప్రక్కన నిలిచి అనుభవము గడింపవచ్చునని ఐడా ఆశపడియుండెను. అయితే వచ్చిన కొలది నెలలకే, 1900లోనే, ఆయన క్యాన్సరు వ్యాధితో మరణించెను. చేతిలో క్రొత్త పట్టము, ముందర పరాయి వైద్యురాలిని నమ్మని పట్టణము, ప్రక్కన చేయిపట్టి నడిపించు పెద్ద దిక్కు లేదు. బంగళాలోని ఒక చిన్న గదిలో, ఒక్క మంచముతో ఆమె వైద్యము ప్రారంభించెను. మొదట రోగులు రాలేదు. తరువాత ఒకరిద్దరు వచ్చిరి. స్వస్థపడినవారు ఇతరులను తీసికొనివచ్చిరి. రెండు సంవత్సరములలో ఐదువేలమంది రోగులను ఆమె చూచెను. 1902లో నలువది మంచములతో షెల్ స్మారక ఆసుపత్రి తెరువబడెను. నర్సులు లేరు గనుక స్థానిక స్త్రీలకు తానే పని నేర్పుకొనెను. 1909లో నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమాయెను. ఆనాడు రోగుల మలమూత్రములు ఎత్తు పనిని హీనముగా చూచు సమాజములో, నర్సు పనిని గౌరవప్రదమైన వృత్తిగా నిలుపుట చిన్న సంగతి కాదు.

ఆసుపత్రికి రాలేనివారి సంగతి ఐడాను కలతపెట్టుచుండెను. గ్రామములనుండి వచ్చువారు చాలమంది ఆలస్యముగా, చికిత్స మించిన స్థితిలో వచ్చుచుండిరి. అందుచేత ఆమెయే వారియొద్దకు పోవ నారంభించెను. మొదట ఎడ్లబండి, 1909లో ఒక చిన్న మోటారు బండి. గుడియాత్తము పోవు దారిలో నిర్ణయించిన చెట్ల నీడలలో బండి నిలుచును. అక్కడ అప్పటికే జనము గుంపుకూడి యుందురు. పుండ్లు కడిగి కట్లు కట్టుట, కండ్లలో మందు వేయుట, పండ్లు తీయుట, కురుపులు కోయుట అన్నియు రోడ్డు ప్రక్కననే జరుగును. కుష్ఠరోగులను సైతము అక్కడ చేర్చుకొనిరి. మోటారు చూచి మొదట భయపడి పారిపోయిన గ్రామస్థులే పిమ్మట ఆ దినముకొరకు కనిపెట్టుకొని యుండిరి. దారిన పడియున్నవానిని చూచి ఆగిన సమరయుని కథ మనమందరము చిన్ననాటనే నేర్చుకొంటిమి. ఐడా దానిని వారమువారము తిరుగు ఒక ఏర్పాటుగా మార్చెను.

తన విద్యను పంచియిచ్చుట

ఎంత శ్రమించినను ఒక వైద్యురాలికి రెండే చేతులు. రోగులు వేలు. ఐడా స్థానములో మరియొకరు ఈ సంగతిని చూచి నిట్టూర్చి ఊరకుండెడివారు. ఆమె మరియొక విధముగా యోచించెను. ఈ దేశపు ఆడుపిల్లలే వైద్యురాండ్రు కావలెను. తాను పొందిన చదువు తనతో సమాధి కాకూడదు. స్త్రీల కొరకు వైద్య పాఠశాల పెట్టుటకు ఆమె అనుమతి కోరినప్పుడు, మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖ ఉన్నతాధికారి చేరుటకు ముగ్గురైనను దొరకరని హెచ్చరించెను. 1918లో 151 దరఖాస్తులు వచ్చెను. స్థలము చాలనందున అనేకులను త్రిప్పి పంపవలసి వచ్చెను.

భవనములు లేవు. ఉపాధ్యాయులు కొద్దిమంది. ఉపకరణములు మరింత కొద్ది. ఐడా పగలు శస్త్రచికిత్సలు చేసి, ఆ నడుమనే పాఠములు చెప్పెను. మొదటి సంవత్సరపు ప్రభుత్వ పరీక్షలో తన విద్యార్థినులు నెగ్గుదురో లేదో అని ఆమెకు దిగులు. ఆ సంవత్సరము రాజధానిలోని పురుష విద్యార్థులలో ఐదుగురికి ఒకరు మాత్రమే గెలిచిరి. వేలూరు బాలికలు పదునలుగురును ఉత్తీర్ణులైరి. 1922లో వారు చదువు ముగించి బయటికి వచ్చిరి. కాన్పు గదిలో తల్లి చనిపోవుచుండగా, వెళ్లి తలుపు తట్టదగిన భారత స్త్రీలు ఇప్పుడు పదునలుగురుండిరి. తిండివనములోని ఆ రాత్రి గడచి అప్పటికి ముప్పది సంవత్సరములు దాటెను.

పని పెరిగెను. అమెరికాలోని క్రైస్తవ స్త్రీలు చిల్లర పైసలు మొదలు పెద్ద మొత్తముల వరకు కూర్చి పంపిరి. గెర్ట్రూడ్ డాడ్ అను సంపన్న స్త్రీ తన ధనమునే గాక తన సంవత్సరములను సైతము వేలూరుకు ఇచ్చెను. పట్టణములో పెద్ద ఆసుపత్రి లేచెను. 1928లో పట్టణమునకు వెలుపల 200 ఎకరముల స్థలములో కళాశాల ప్రాంగణమునకు పని ప్రారంభమాయెను. ఆ సంవత్సరమే మహాత్మా గాంధీ కళాశాలను దర్శించెను.

పరీక్షాకాలము

1930ల చివర సంస్థకు గొప్ప శోధన వచ్చెను. వైద్య విద్య ప్రమాణము పెంచవలెనని మద్రాసు ప్రభుత్వము పాత డిప్లొమా చదువును రద్దుచేసెను. ఇకమీదట విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. పట్టము మాత్రమే చెల్లును. న్యాయముగా చూచినయెడల ఆ నిర్ణయము ప్రజలకు మేలైనదే. అయితే వేలూరుకు అది ప్రాణసంకటము. ఉన్నత పట్టములు గల ఆచార్యులు కావలెను. మరిన్ని మంచములు, ప్రయోగశాలలు, అపారమైన ధనము కావలెను. క్రొత్త విద్యార్థినులను చేర్చుకొనుట నిలిచిపోయెను. ఇంతలో ప్రపంచ యుద్ధము ముంచుకొని వచ్చెను.

ఐడాకు అప్పటికి డెబ్బది సంవత్సరములు. విశ్రాంతి కోరదగిన వయస్సు. 1941లో ఆమె అమెరికాకు వెళ్లి, ఊరూర తిరిగి, సంఘములలో మాటలాడి, వేలూరు కొరకు భిక్షమెత్తెను. 1945 వరకు ఆమె అక్కడనే యుండెను. ఈ లోపల వేలూరులో ఉన్నవారు చేతులు ముడుచుకొనలేదు. కుష్ఠువ్యాధి నిపుణుడగు డాక్టరు రాబర్ట్ కాక్రేన్ మొదలగువారి కృషి వలన 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతి ప్రారంభమాయెను.

ధనముకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి యుండెను. సంస్థ నిలువవలెనన్న అనేక సంఘముల ఉమ్మడి సంస్థ కావలెను, పురుష విద్యార్థులను సైతము చేర్చుకొనవలెను. ఇది స్త్రీల కొరకు, స్త్రీల కానుకలతో కట్టినది గదా అని పాత స్నేహితులు కొందరు నొచ్చుకొనిరి. ఐడాకును అది సుళువు కాలేదు. ఆమె జీవితమంతయు స్త్రీల విద్యకొరకే వెచ్చించినది. అయినను తాను గీసిన హద్దుకంటె రోగుల అవసరము పెద్దదని ఆమె ఒప్పుకొనెను. 1947లో మొదటి పురుష విద్యార్థులు చేరిరి.

పగ్గములు అప్పగించుట

1946లో ఐడా బాధ్యతలనుండి విరమించెను. ఆ సంవత్సరమే వేలూరులో నర్సింగు పట్టపు చదువు ప్రారంభమాయెను. అదే సంవత్సరము డాక్టరు పాల్ బ్రాండ్ అక్కడికి వచ్చి, కుష్ఠువలన వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సచే సరిచేయు విధానమును పెంపొందించి లోకమునకు చూపెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరు మన తెలుగు నేలనుండియే వచ్చెను. ఆమె 1890లో విశాఖపట్నమున జన్మించిన డాక్టరు హిల్డా లాజరస్. మద్రాసులో వైద్యము చదివి, ప్రభుత్వ స్త్రీ వైద్య శాఖలో దేశమంతట పనిచేసి, ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలకు ప్రిన్సిపాలైన విదుషీమణి. మిషనెరీ అను పేరు లేకయే ప్రభుత్వోద్యోగమును దేవుని సేవగా నెరవేర్చిన క్రైస్తవురాలు. విదేశీయురాలు నాటిన మొక్కకు మన దేశపు స్త్రీ కావలి యగుట ఐడా కండ్లార చూచెను.

వేలూరు పట్టభద్రురాలు డాక్టరు మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింద చలనము పోగొట్టుకొనెను. అయినను చక్రముల కుర్చీలో కూర్చుండి శస్త్రచికిత్సలు చేసెను. పిమ్మట అవయవములు చచ్చుబడినవారిని మరల జీవితమునకు సిద్ధపరచు వైద్య విభాగమును వేలూరులో నడిపించెను. నేర్చిన విద్యను రోగులకు అప్పుపడియున్నామను భావము ఐడాతో ముగియలేదని ఈ యొక్క జీవితమే సాక్ష్యమిచ్చును.

ఐడా తన కడపటి దినములను కొడైకెనాలులోని తన కొండయింటిలో గడపెను. పువ్వులు, టెన్నిసు ఆట, పిల్లల సందడి ఆమెకు వృద్ధాప్యమునందును ప్రీతి. 1960 మే నెలలో, తొంబదియవ యేట, ఆమె ప్రభువు సన్నిధికి చేరెను. ఒక్క మంచముతో మొదలైన పని నేడు వేల మంచముల సంస్థయై, చిత్తూరు ప్రాంతమునకును, ఆమె పుట్టిన రాణిపేటకును తన శాఖలను చాపినది.

చదువుకొనిన మనకు

ప్రియ చదువరులారా, మన సంఘములలో నేడు పట్టభద్రులు కొదువ లేరు. వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు ప్రతి ఆదివారము మన ప్రక్కన కూర్చుండుచున్నారు. మన తాతముత్తాతలలో అనేకులకు అక్షరము చూపినవారు ఎక్కడనుండియో వచ్చినవారే. వారు పెట్టిన పాఠశాల బల్లలమీద చదివిన కుటుంబములు ఇన్ని తరములకు ఈ స్థితికి వచ్చినవి. పట్టమును మనము గోడకు తగిలించుచున్నాము. అది మన కష్టార్జితమని తలంచుచున్నాము. కష్టము మనదే, నిజమే. అయితే పెట్టుబడి ఇతరులది, కృప దేవునిది.

దైవసేవ యనగా ఉద్యోగము మానివేసి బోధకుడగుటయే అని కొందరి తలంపు. ఐడా జీవితము అట్లు చెప్పదు. ఆమె సేవ ఆమె వృత్తిలోనే యుండెను. శ్రద్ధగా చేసిన శస్త్రచికిత్స, నిజాయితీగా వ్రాసిన లెక్క, వెనుకబడిన విద్యార్థికి మరియొకసారి విప్పి చెప్పిన పాఠము, లంచము లేక కదిలిన కాగితము, ఇవియు ప్రభువు పాదములయొద్ద పెట్టదగిన కానుకలే. పరిచారము చేయించుకొనుటకు గాక చేయుటకే వచ్చిన ప్రభువును వెంబడించువారికి ఏ ఉద్యోగమును కేవలము జీతపు మార్గము కాదు. అట్లని అరకొర పనిని భక్తి మాటలతో కప్పుటకును వీలులేదు. ఆ ముగ్గురు తల్లుల ఇండ్లకు ప్రార్థన నేర్చిన మనస్సు మాత్రమే గాక శిక్షణ పొందిన చేతులును కావలసియుండెను.

మన తలుపు వద్దకు వచ్చి వట్టిచేతులతో మరలిపోవుచున్నవారు నేడెవరు? పట్టణములో ఉద్యోగము దొరకగానే మనము విడిచివచ్చిన పల్లె యేది? మనము నేర్చినదానిని మన వెనుక వచ్చు ఎవరికి నేర్పుచున్నాము? మన స్థానము మరియొకరికి అప్పగింపవలసిన దినము వచ్చినప్పుడు సంతోషముతో అప్పగింపగలమా? ఈ ప్రశ్నలను ఎవరి గదిలో వారు తలుపు వేసికొని, ఐడావలె మోకరించి యోచించుట మంచిది. మనయందు ఉంచిన విద్యకు నమ్మకమైన గృహనిర్వాహకులమై యుండుటకు ప్రభువు మనకందరికిని కృప దయచేయును గాక.